వెనక ఎడమకాలి చీల

ఫిబ్రవరి 3

ప్రభువునందు ప్రియమైన తమ్ముడికి,

అక్క వందనాలు. ఆయన కృపవల్ల ఇక్కడ అందరం క్షేమం. మీ బావకి మోకాళ్ళ నొప్పులు, నాకు మీ బావ, అంతకుమించి ఇబ్బందులేమీ లేవు. నీ ఆరోగ్యం సంగతి నువ్వెప్పుడూ రాయవు. రాసిందంతా వేళాకోళమే. పోయిన ఉత్తరం కవరులో మిరియాల పొడి వేశావు. స్త్రీల కూడికలో అందరిముందూ విప్పాను. ప్రార్థన నడిపించాల్సినదాన్ని తుమ్ముతూ కూర్చున్నాను. తల నెరుస్తోందిరా పిడుగూ, ఇంకా ఎన్నాళ్ళీ చేష్టలు?

అసలు సంగతికి వస్తాను. మన కొత్త మందిరం పూర్తి కావచ్చింది. పాత మందిరంలో బల్లలన్నీ నాన్న చేతి పనే కదా, అందుకని వేదిక మీద నాన్న జ్ఞాపకార్థం ఒక కుర్చీ పెట్టాలని పెద్దలు అనుకున్నారు. అది నువ్వే చెయ్యాలని నేనన్నాను. పెద్దలు వెనకాడారు. నీ స్టూలు వల్ల నడుం విరిగి పోయేదాకా మంచం మీదున్న మనిషి పేరున, నీ చేత కుర్చీ ఏమిటని వాళ్ళ బాధ. పాస్టరుగారే అన్నారు, "క్షమాపణ అంటే అదేనమ్మా" అని.

మే మొదటి ఆదివారం ప్రతిష్ఠ. కుర్చీ చేసి నువ్వే తీసుకురా. సంఘం ముందు నిలబడి నీ తప్పు ఒప్పుకుని సాక్ష్యం చెప్పు. నేను లేచి, అందరూ వింటుండగా నిన్ను క్షమించానని చెబుతాను. కరపత్రాల్లో ఆ మాట కూడా వేయిస్తున్నారు.

ప్రార్థనలో నిన్ను మరవని,
అక్క

ఫిబ్రవరి 14

దొరసాని అక్కకి,

ధైర్యంగా విప్పుకో, ఈసారి పొడి వెయ్యలేదు. వేద్దామనుకున్నాను గానీ పోస్టుమాను నా ముక్కు వంక అనుమానంగా చూశాడు.

ఇక్కడ నా ఉద్యోగం దివ్యంగా ఉంది. లోకంలో ఎక్కడైనా కుర్చీ విరిగితే వడ్రంగిని తిడతారు. మా నాటక కంపెనీలో విరగకపోతే తిడతారు. కొత్త నాటకంలో తమ్ముడు అన్న నెత్తిన కుర్చీ వేసి కొట్టాలి. వారానికి అయిదు ఆటలు, అయిదు కుర్చీలు. బెండులాంటి కొయ్యతో, పుల్లలు గుచ్చి, పైన రంగేసి ఇస్తాను. మొన్న మా దుష్టుడి వేషగాడు మంచి కుర్చీని నా కుర్చీ అనుకుని, కూర్చోగానే విరుగుతుందన్న నమ్మకంతో తనంతట తనే కింద దొర్లాడు. కుర్చీ మాత్రం చెక్కుచెదరకుండా నిలబడి చూస్తోంది. జనం ఈలలు వేశారు. పాపం, వాడికి మూడు రోజులు నడుం పట్టేసింది.

ఇక నీ కుర్చీ. చేస్తాను. నాన్న పేరున కాబట్టి చేస్తాను. సాక్ష్యం మాత్రం నన్నడక్కు. నేను ప్రభువు బల్ల దగ్గరికే పోనివాణ్ణి, వేదిక ఎక్కమంటావేమిటి? ఇక్కడ వీధి చివర చిన్న మందిరం ఉంది. ఆఖరి బల్ల మీద కూర్చుంటాను. రొట్టె పళ్ళెం నా దాకా వస్తుంది, పక్కకి అందిస్తాను. పక్కన రొట్టెల దుకాణం ముసలమ్మ కూర్చుంటుంది. "ఇవాళా ఉపవాసమేనా నాయనా?" అని అడుగుతుంది. అవునంటాను. ఇన్నేళ్ళు ఉపవాసమున్నవాడు ఇంత లావుగా ఎలా ఉన్నాడా అని ఆవిడకి అనుమానం.

మనసులో బరువు పెట్టుకుని ఆ రొట్టె ముట్టకూడదని నాన్నే కదా నేర్పాడు. ఆ ఒక్క పాఠమే నాకు వంటబట్టింది.

బావకి నా తరఫున మోకాళ్ళ మీద ఒకటి వెయ్యి.

నీ పాపుల సంఘం అధ్యక్షుడు,
పిడుగు

ఫిబ్రవరి 27

తమ్ముడికి,

నీ ఉత్తరం చదివి మీ బావ పడిపడి నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

చూడు, పాపం చేసినవాడు పాపానికి బానిస అని ప్రభువు చెప్పిన మాట. బానిస ఇంట్లో ఎన్నాళ్ళున్నా ఇంటివాడు కాడు. కొడుకు వచ్చి విడిపిస్తేనే విడుదల. నువ్వేమో విడిపిస్తానన్నవాడి ముందు కోతి గంతులు వేస్తున్నావు. నీ నవ్వుంది చూశావా, అది నీ సంకెళ్ళకి నువ్వు కట్టుకున్న గజ్జెలు. చప్పుడు బాగానే ఉంటుంది. కాలు మాత్రం కదలదు.

నేను నిన్ను ఆ రోజే క్షమించాను. గుర్తుందా? ఆసుపత్రి వరండాలో నా కాళ్ళ మీద పడి ఏడ్చావు. నేనే లేపి, కళ్ళు తుడిచి, "నా మనసులో ఏమీ లేదురా" అన్నాను. నాన్న కూడా నిన్ను పల్లెత్తు మాట అనలేదు. మా పిల్లలకి మాటలు వచ్చినప్పటినుంచీ మామయ్య కోసం ప్రార్థన చెయ్యడం నేర్పాను. ఇంతమంది క్షమించాక, నువ్వొక్కడివే తలుపు తియ్యనంటే ఎలా?

వచ్చి ఆ నాలుగు మాటలూ చెప్పు. తేలికపడతావు.

నీ మేలు కోరే,
అక్క

మార్చి 12

అక్కా,

గజ్జెల మాట బాగుంది. మా నాటకాలు రాసేవాడికి చెబితే రేపే వాడేసుకుంటాడు. చదివి నవ్వాను. తర్వాత నవ్వు రాలేదు.

కుర్చీ మొదలుపెట్టాను. టేకు చెక్క, అరచెయ్యంత వెడల్పు వీపుపట్టీలు, నాన్న చేసినట్టే చేతులు కొంచెం వంపు తిప్పి. నవ్వకు, విరగని కుర్చీ చెయ్యడం మరిచిపోయాను. ఇన్నేళ్ళ తర్వాత గట్టి కొయ్య మీద చిత్రిక పడుతుంటే పొట్టు చుట్టలు చుట్టలుగా ఊడి కాళ్ళ మీద పడింది. ఆ వాసనకి పని ఆపి కాసేపు బయట నిలబడ్డాను.

వస్తాను. సాక్ష్యం కూడా చెబుతాను. ఏం చెప్పాలో రాసుకుని, తెర పక్కనుంచి మాటలందించే మా ప్రాంప్టరు ముందు చదివాను. గొంతు ఇంకాస్త పెంచమన్నాడు. నువ్వూ చూసి చెప్పు.

"నేను ఈ సంఘంలో పెరిగినవాణ్ణి. మా నాన్న వడ్రంగి. ఒక ఉదయం ఒక మీసాల కాంట్రాక్టరు మా కొట్టుకి వస్తాడని తెలిసి, అతను కూర్చునే స్టూలుకి వెనక ఎడమకాలి చీల తీసి, ఆ కన్నంలో మైనం పూశాను. ఎవరు కూర్చున్నా మెల్లగా కిందికి దించేస్తుంది. నా పాత ఆట. మా అక్కకి చెప్పాను, ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత ఒకరింటికి తలుపు చట్రం అప్పగించడానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి నాన్న పొట్టులో పడి ఉన్నాడు. పక్కన నా స్టూలు, ఊడిన కాలు. ఆయన మళ్ళీ ఉలి పట్టలేదు. గుమ్మం దగ్గర ఆయన చెప్పులు అరగకుండా ఉండిపోయాయి. నేనే ఎత్తుకెళ్ళి కిటికీ దగ్గర కూర్చోబెట్టేవాణ్ణి. ఆయన తేలికవుతున్న సంగతి నా చేతులకే ముందు తెలిసేది. చూడలేక ఊరు వదిలాను. ఆయన శవపేటిక నేనే చేశాను. మొయ్యడానికి ముందుకొస్తే, జనం ఏమనుకుంటారోనని మా అక్క ఆపింది. ఆపడం న్యాయమే. నన్ను క్షమించండి."

సరిపోతుందా?

ఒక్కటి మాత్రం ఎప్పుడూ అడుగుదామనుకుని అడగలేదు. నా స్టూలు మనిషిని కూర్చోబెడుతుందే గానీ విసిరికొట్టదు. నాన్న దానిమీద ఎక్కి నిలబడ్డాడని అన్నావు. అటక మీద చెక్కలు దింపడానికి నిచ్చెన ఉండగా, నా సంగతి తెలిసి కూడా, స్టూలెందుకు ఎక్కాడు? ఆ నిచ్చెన ఏమైంది? తర్వాత ఎక్కడా కనబడలేదు.

పోనీలే. ముసలాయనకి ఆ రోజు ఏం తోచిందో.

పిడుగు

మార్చి 22

తమ్ముడూ,

నీకు తెలుసు.

నిచ్చెన మాట చదవగానే అర్థమైంది. ఎప్పటినుంచి తెలుసు? తెలిసే ఇన్నాళ్ళూ మిరియాల పొడులు పంపుతూ నాతో ఆడుకున్నావా? ఒక్కసారి అడిగెయ్యొచ్చు కదరా, ఇలా గుచ్చి గుచ్చి రాయకపోతే!

అవును. నాన్న ఎక్కింది నిచ్చెనే. కింద పట్టుకున్నది నేను. మీ బావ అప్పుడు కలప అడితిలో గుమాస్తా కదా, లెక్క చెప్పే వంకతో వచ్చి గుమ్మం బయట నిలబడ్డారు. ఆయనతో మాట్లాడితే కాళ్ళు విరగ్గొడతానని నాన్న అప్పటికే హెచ్చరించాడు. పైనుంచి నాన్నకి గుమ్మం కనబడదు. ఒక్క క్షణమే కదా అని వదిలి వెళ్ళాను. పొట్టు మీద నిచ్చెన జారింది.

పరుగెత్తి వచ్చేసరికి నాన్నకి స్పృహ లేదు. అందరూ వస్తారు, నువ్వెక్కడున్నావని అడుగుతారు. నీ స్టూలు అక్కడే ఉంది. కాలు లాగి పక్కన పడేశాను. నిచ్చెన గోడకి చేర్చాను. తర్వాత నరికి పొయ్యిలో పెట్టేశాను.

ఇక ఏం రాయాలో తెలియడం లేదు.

అక్క

మార్చి 30

నా పిచ్చి అక్కా,

నీ ఉత్తరం చదివి పనివాళ్ళ ముందే ఏడ్చేశాను. నాటకాల వాళ్ళు కదా, ఎంత బాగా చేశానో అన్నట్టు చూశారు.

నాకేమీ తెలియదే తల్లీ! ఏదో మాటవరసకి అడిగాను. నువ్వేం చేస్తున్నావో మాత్రం ఇప్పుడు తెలిసింది. చిన్నప్పుడు పాస్టరమ్మగారి కిటికీ అద్దం నేను పగలగొడితే, "నేనే" అని ముందుకెళ్ళి బెత్తం దెబ్బలు తిన్నావు. ఇదీ అదే. సంఘం ముందు నేను తలొంచుకుని నిలబడటం నీకు చూడాలని లేదు. నా రాత చదివి కడుపు తరుక్కుపోయి, కూర్చుని ఓ నిచ్చెన కథ అల్లావు. బాగానే అల్లావు. బావని కూడా ఇరికించావు. మా రచయిత నీ దగ్గర పాఠాలు చెప్పించుకోవాలి.

కానీ ఒద్దక్కా. ఒకడి తప్పు ఇంకొకరు నెత్తిన వేసుకోవడం వాక్యంలో చదివాను, మా వీధి పాస్టరు చెబుతుంటే విన్నాను, ఎప్పుడూ నమ్మబుద్ధి కాలేదు. ఎవడు చేస్తాడులే అనుకునేవాణ్ణి. నువ్వు చేస్తానని వచ్చాక నమ్మకం కుదిరింది. చదువు అంతగా లేనివాణ్ణి, నాకు కళ్ళతో చూపిస్తేనే ఎక్కుతుంది.

ఆదివారం పళ్ళెం నా దాకా వచ్చింది. నిన్ను తలుచుకున్నాను. చిన్న ముక్క తుంచి నోట్లో వేసుకున్నాను. ముసలమ్మ నా వీపు తట్టి, "ఉపవాసం తీరిందా?" అంది. తీరిందన్నాను.

నువ్వేమీ ఒప్పుకోనక్కర్లేదు. నా తప్పు నేనే చెప్పుకుంటాను. ఇప్పుడు చెప్పగలను.

నీ దెబ్బలకి బాకీపడ్డ,
తమ్ముడు

ఏప్రిల్ 8

తమ్ముడూ,

నేను కథ అల్లలేదు. అంత మంచిదాన్ని కాను.

నాన్నకి కూడా తెలుసు. ఆ ఉదయం సంగతేమీ గుర్తులేదని అందరితో అనేవాడు కదా, నేనూ నమ్మాను. చివరిరోజు నీళ్ళు పడుతుంటే నా చెయ్యి పట్టుకుని, "నిచ్చెన గట్టిగా పట్టుకో తల్లీ" అన్నాడు. మళ్ళీ మాట్లాడలేదు. నన్ను ఎందుకు బయటపెట్టలేదో నాకు తెలుసు. నీ చేత ఒళ్ళు తుడిపించుకోగలడా? మంచం పట్టిన మనిషికి కూతురు కావాలి. నిన్ను పోగొట్టుకున్నా బతకగలడు, నన్ను పోగొట్టుకుంటే కష్టం. అందుకే ఊరుకున్నాడు.

నీకు రాసిన మర్నాడు పాస్టరుగారి దగ్గరికి వెళ్ళాను. వివరాలు చెప్పలేదు. ఒక పాత పాపం పీడిస్తోందన్నాను. ఆయన నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించారు. ఒప్పుకున్న పాపాన్ని దేవుడు సముద్రంలో పారేస్తాడు, మళ్ళీ వెతకడు అన్నారు. ఎంత ఏడ్చానో! లేచేసరికి గుండెమీద రాయి దిగిపోయింది. ఇన్నేళ్ళకి హాయిగా అన్నం తిన్నాను. నాకు విడుదల దొరికిందిరా.

ఒక్కటే అడుగుతాను, కోపగించుకోకు. కరపత్రాలు అచ్చయిపోయాయి. పై సంఘాల వాళ్ళు కూడా వస్తున్నారు. మీ బావకి ఇదేమీ తెలియదు, ఆ రోజు గుమ్మం దగ్గర్నుంచే వెళ్ళిపోయారు. పెద్దదాని పెళ్ళి మాటలు నడుస్తున్నాయి. నువ్వు అనుకున్నట్టే వచ్చి, అనుకున్నట్టే చెప్పెయ్యి. నీకు కొత్తగా పోయేదేముంది? నువ్వు అలవాటుపడ్డావు. దేవుడికి నిజం తెలుసు, అది చాలదా?

నీ అక్క

ఏప్రిల్ 19

కవరులో ఏమీ లేదు.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. దేవుడు క్షమించాడన్నావు. సంతోషం. నన్నెవరైనా అడిగారా? ఎత్తి మోసినవాణ్ణి నేను, ఊరొదిలినవాణ్ణి నేను, కన్నతండ్రి పెట్టెకి మేకులు కొట్టి పక్కకి తప్పుకున్నవాణ్ణి నేను. నాకు తెలియకుండా నీ బాకీ కొట్టేసుకుని నువ్వూ దేవుడూ చేతులు దులుపుకున్నారా? నీ గుండెమీద రాయి దిగింది, సరే. ఎక్కడ దిగిందో వంగి చూశావా?

ఆసుపత్రి వరండాలో నీ కాళ్ళ మీద పడ్డాను. లేపావు. కళ్ళు తుడిచావు. "నా మనసులో ఏమీ లేదు" అన్నావు. ఏ నోటితో అన్నావే? ఆ మాట నేను ఇన్నేళ్ళు దాచుకున్నాను. నాకంటూ ఉన్న ఒక్క మంచి జ్ఞాపకం అదే. మా అక్క దేవతలాంటిదని కంపెనీలో ప్రతివాడికీ చెప్పాను. నన్ను నేరస్థుణ్ణి చెయ్యడం అటుంచు, నువ్వు నన్ను క్షమించావు చూడు, దాన్ని మింగలేకపోతున్నాను. నీ గొలుసు నా కాలికి తగిలించి, తాళంచెవి కొంగున ముడేసుకుని, ప్రతి ఉత్తరంలోనూ విడుదల గురించి పాఠం చెప్పావు. గజ్జెలన్నావు. పిల్లల చేత కూడా ప్రార్థన చేయించావు. వాళ్ళు "మామయ్య పాపం క్షమించు తండ్రీ" అంటుంటే నీకు ఎప్పుడైనా పొలమారిందా?

పైగా నీ మాట నమ్మి రొట్టె కూడా తిన్నాను. నా బదులు నువ్వు మోస్తున్నావనుకుని. నాకే నవ్వొస్తోంది. జీవితంలో ఎవరినీ ఇంత బాగా ఏమార్చలేదు నేను. ఆటకి గురువు నువ్వేనని ఇప్పుడు తెలిసింది.

నాన్న సంగతి రాయను. ఆయన్ని ఎత్తినప్పుడల్లా నా మెడ చుట్టూ చెయ్యి వేసేవాడు. తెలిసే వేసేవాడా?

అలవాటుపడ్డావన్నావు. నిజమే. కాలికి పుండు కూడా అలవాటవుతుంది.

నేను రాను. కుర్చీ పూర్తయింది. రైలు పార్సిలులో వస్తుంది. ప్రతిష్ఠ రోజు అందులో ముందు నువ్వే కూర్చోవాలి, పాస్టరుగారు కాదు, పెద్దలు కాదు. కూర్చునే ముందు ఏం చెప్పాలో, చెప్పాలో వద్దో నీ ఇష్టం. అది మంచి కుర్చీయో, నా పాత ఆటో నేను చెప్పను. తిరగేసి చూసుకోవడం మాత్రం ఒద్దు. ఇన్నేళ్ళూ నేను నిన్ను తిరగేసి చూడకుండానే నమ్మాను. నువ్వొక్క పూట నమ్ము.

మే 6

తమ్ముడికి,

కుర్చీ శుక్రవారం చేరింది. గోనెపట్టా విప్పగానే మీ బావ "అచ్చం మీ నాన్న పనే" అన్నారు. నేను తిరగేసి చూడలేదు. చూడాలని చెయ్యి రెండుసార్లు వెళ్ళింది.

ఆదివారం మందిరం నిండిపోయింది. నువ్వు రాలేదని పాస్టరుగారు చెప్పి, నన్ను లేపి, "తమ్ముడి తరఫున అక్కగారు రెండు మాటలు మాట్లాడతారు" అన్నారు. వేదిక ఎక్కాను. నీ రాత నా చేతిలోనే ఉంది. అదే చదివాను. "మా నాన్న వడ్రంగి" నుంచి మొదలుపెట్టి, "ఇద్దరం నవ్వుకున్నాం" దాకా చదివాను. అక్కడ కాగితం మడిచి, మిగతాది నా నోటితో చెప్పాను. గుమ్మం, నిచ్చెన, స్టూలు కాలు, పొయ్యి, అన్నీ.

ఎవరో చంటిపిల్లని బయటికి తీసుకెళ్ళారు. కోశాధికారి లేచి, "కరపత్రాలు పంచినవి వెనక్కి తీసుకోవాలా?" అని అడిగాడు. పాపం, చివరిదాకా నిలబడే ఉన్నాడు.

తర్వాత కుర్చీ దగ్గరికి వెళ్ళాను. పడితే పడతాను, నా తమ్ముడికి ఆ మాత్రం హక్కుంది అనుకున్నాను. కళ్ళు మూసుకుని ఒంటి బరువంతా ఒక్కసారి వదిలేశాను. కిర్రుమని కూడా అనలేదు. అప్పుడొచ్చింది ఏడుపు. పాస్టరుగారి దగ్గర ఏడ్చింది ఏడుపు కాదు. విడుదల దొరికిందని నీకు రాశాను కదా, అదీ అబద్ధమే. దొంగసొమ్ము దగ్గర పెట్టుకుని హాయిగా నిద్రపోయానంతే.

స్త్రీల కూడిక ఇక వేరేవాళ్ళు నడిపిస్తారు. పెళ్ళివారు మళ్ళీ కబురు చెయ్యలేదు. ఇంటికొచ్చాక మీ బావ చాలాసేపు చెప్పులు విప్పకుండా కూర్చున్నారు. తర్వాత అన్నారు, "ఆ రోజు నేను వెళ్ళిపోతూ చప్పుడు విన్నాను. స్టూలు మీంచి పడ్డ చప్పుడు కాదని తెలుసు. నేనూ అడగలేదు." ఎవరి దగ్గర దాచానో, ఆయనకి ముందునుంచీ తెలుసు. తెలియంది నీ ఒక్కడికేరా.

నన్ను క్షమించానని ఒక్క ముక్క రాయి. అంతకంటే ఏమీ అడగను.

అక్క

మే 17

అక్కా,

విప్పుకో, పొడి లేదు.

చదివాను. కోశాధికారి దగ్గర నవ్వాను. వాడు మారలేదు. బావ దగ్గర నవ్వలేదు. మంచం మీద ఒకడు, గుమ్మం బయట ఒకడు, కొట్టులో ఒకత్తి, ముగ్గురికీ తెలుసు. లోకాన్ని ఏడిపించానని పేరు పడ్డవాణ్ణి నేను. బానే ఉంది.

ఇప్పుడు కుర్చీ తిరగేసి చూడొచ్చు. వెనక ఎడమకాలు పైన గుండ్రంగా, వేరే రంగు కొయ్య కనబడుతుంది. నీ ఏప్రిల్ ఉత్తరం వచ్చిన రోజు ఆ చీల ఊడగొట్టి, కన్నం పెద్దది చేసి మైనం పూశాను. కొత్త చీర కట్టుకుని, పై సంఘాల వాళ్ళందరి ముందూ నువ్వు వెల్లకిలా పడటం పని చేస్తూ పదే పదే చూసుకున్నాను. చాలా బాగుండేది. పార్సిలు ఆఫీసు మనిషి బండి తెచ్చి గుమ్మం ముందు నిలబడ్డాక, ఒక్క నిమిషం ఆగమని, మైనం గీకేసి, కొత్త చీల చెక్కి, జిగురు పోసి దిగ్గొట్టాను. వాడు గంట కొడుతూనే ఉన్నాడు. చీల ఎందుకు దిగ్గొట్టావని అడక్కు. నీ మీద ప్రేమ అనుకోకు. నాన్న పేరున చేసిన కుర్చీ అనుకో, లేకపోతే నా చెయ్యి నా మాట వినలేదనుకో.

నిన్న ఆదివారం. పళ్ళెం వచ్చింది. పక్కకి అందించాను. "మళ్ళీ మొదలా?" అంది ముసలమ్మ. ఇన్నేళ్ళూ నా తప్పు అడ్డొచ్చేది. ఇప్పుడు నీ తప్పు అడ్డొస్తోంది. నువ్వు వేదికెక్కి విప్పుకున్నదాన్ని ఇక్కడ ఆఖరి బల్ల మీద నేను తొడుక్కుని కూర్చున్నాను. దాన్ని ఎలా విప్పాలో నీకు తెలిసినట్టు నాకు తెలియదు.

ఒక్క ముక్క రాయమన్నావు. రాద్దామనే కూర్చున్నాను. కలం అక్కడిదాకా వచ్చి ఆగింది. రాయకుండా రాశాననను. మన ఇంట్లో ఆ పని చాలా జరిగింది.

చీల మాత్రం పెట్టాను. ప్రస్తుతానికి నా దగ్గర ఉన్నది అదే. గట్టి కొయ్య, ఊడదు. కూర్చో.

తమ్ముడు